జన్యువా, జంతువా?

అక్కకి,

కుదురుగా కూర్చుని వినవలసిన ప్రకటన: మన వీధి తలుపు ఇక కిర్రుమనదు. మేమంతా కులాసా. నీ మోకాలి నొప్పి, బావ గురక తగ్గాయా? రెండోది మర్యాదకి అడిగాను.

అమ్మ ఇన్సులిన్ వేయించుకుంటోందా, నిజం చెప్పు అన్నావు. వేయించుకుంటోంది. మొదట్లో మాత్రం మొండికేసింది. ఆసుపత్రి నర్సమ్మ "ఇది జన్యువు మార్చి చేసిన మందు" అంటే, మన మహాతల్లికి "జంతువును మార్చి" అని వినిపించింది. ఎలుకని బోనులో పట్టి పొలాల్లో వదిలొచ్చే మనిషి కదా! తనకోసం మూగజీవాన్ని కోయొద్దంది. కాదే అంటే, నీ మాట ఎవడు నమ్ముతాడురా అంది. నా పేరు అంత మంచిది.

నర్సమ్మని అడిగి తెలుసుకుని, అమ్మని నేను పిండి కలిపే బేకరీకి తీసుకెళ్లాను. ఈస్టు నురగ గది నిండా పొంగుతోంది. ఇన్సులిన్ ఎలా వండాలో మన ఒంట్లో రాసిపెట్టిన చీటీయే జన్యువట. దానికి నకలు తీసి ఈస్టులో పెడితే, అది మన మందు వండిపెడుతుందట. పురుగుని తట్టుకునే పత్తి, కామెర్ల టీకా కూడా ఈ విద్యతోనే చేస్తారట. అదే చెప్పాను.

అమ్మ ఈస్టు తొట్టెలోకి తొంగి చూసి, "అంటే చీటీ మనిషిది, చెయ్యి దీనిది. దీనికి నొప్పెయ్యదూ?" అంది.

"రోజూ పొయ్యిలో పెడుతున్నానమ్మా. ఒక్కనాడూ మూలగలేదు."

అయినా నర్సమ్మని అడిగాకే నమ్మింది. "మీవాడు మొదటిసారి నిజం చెప్పాడండీ" అందావిడ.

ఇక నీకు దాచిన సంగతి. బేకరీకి వెళ్లకముందే, సూది వద్దన్న రోజుల్లో, అమ్మ స్నానాలగది గుమ్మంలో పడిపోయింది. ఆసుపత్రిలో గట్టెక్కించారు. ఇంటికొచ్చి మళ్లీ వద్దంది. అప్పుడే నర్సమ్మ దగ్గరికెళ్లి అన్నీ అడిగానక్కా. రాస్తే పరిగెత్తుకొస్తావని రాయలేదు. తిట్టు, పడతాను. ఇప్పుడు షుగర్ దిగింది, మనిషి తేరుకుంది. రాత్రి నాకూ నిద్ర పట్టింది.

ఇందులో నేను కల్పించినవీ చెప్పేస్తాను. నురగ గది నిండా పొంగలేదు, తొట్టె అంచు కూడా దాటలేదు. నర్సమ్మ ఆ మాట అనలేదు, "అవునండీ" అని ఊరుకుంది. పొద్దున అమ్మ తనంతట తానే చెయ్యి చాపి, "కానియ్యమ్మా" అన్నది మాత్రం అక్షరాలా నిజం. నీ మరదలు సూది వేస్తుంటే కళ్లు మూసుకున్నది నేనే.

ఇట్లు,
నీ కోతి తమ్ముడు