బిళ్లకు పెట్టిన బొట్టు

గిద్దలూరు

నాయనా చంద్రశేఖరం,

మీ అమ్మ ఆశీస్సులు. ఫోన్లో అయితే నువ్వే మాట్లాడి పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

నేను బాత్రూములో జారిపడ్డప్పటి నుంచి నీ భార్య కన్యక ల్యాబు ఉద్యోగం మానుకుని నాకు కాపలా కూర్చుంది. మెడలో వేసుకుని, పడితే బటన్ నొక్కి కంపెనీవాళ్లను సాయం పిలిచే అలారం బిళ్ల తెప్పిద్దామంటే నువ్వేమన్నావు? "నెలనెలా పదిహేను వందలు దండగమ్మా, ఇంట్లో మనిషి ఉండాది గదా." చివరికి నా పోరు పడలేక, ఒక్క నెల చూద్దామని పెట్టించావు.

మహర్నవమినాడు తప్పు నాదే. తక్కెడకూ మిక్సీకీ బొట్టు పెట్టాక, బిళ్ల కూడా యంత్రమే కదా అని దానికీ గంధం పూసి, ఎర్ర బటన్ నడిమధ్య కుంకుమ గట్టిగా అద్దాను. బటన్ నొక్కుకుపోయి, బిళ్లతోపాటు ముందు గదిలో బిగించిన మాట్లాడే పెట్టెలోంచి కంపెనీవాళ్లు పిలిచారట. నేను పెరట్లో కొబ్బరికాయ పీచు తీస్తూ వినలేదు. పలకకపోయేసరికి మనమిచ్చిన నంబర్లన్నిటికీ ఫోన్లు చేశారు. పీచు తీయడం పూర్తికాకముందే ఎదురింటి కరుణమ్మ, ఆటో కొండయ్య పరిగెత్తుకొచ్చారు.

"ఏంది వదినా, యాడ పడినావు?"

"పడలేదు కరుణమ్మా. పూజ చేసినా."

దోర్నాలలో యాత్రికులతో నిండిన నీ హోటల్ వదిలేసి నువ్వు రెండు గంటల తర్వాత వచ్చావు. నేను వడలు తింటున్నాను. "చూసినావా, దండగని చెప్పలే? బేరమంతా పాయె" అని కసిరావు. అప్పటికి ఇంటికొచ్చిన కోడలి ముందు నిన్ను అనడం ఇష్టంలేక బదులు ఈ ఉత్తరానికి దాచుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. కంపెనీవాళ్లు ఫోన్లు చేసినప్పుడు నువ్వు కాపలా పెట్టిన మనిషి అమ్మవారిశాలలో ఉంది. సంచిలో ఫోన్ మోగినా మేళాల్లో వినపడలేదు. మనిషన్నాక గుడికి పోదా? నేను నిజంగా పడి ఉంటే ఆదుకునేది ఆ బిళ్లే. పదిహేను వందలు లెక్కేశావు సరే, కన్యక నెలనెలా తెచ్చే పన్నెండు వేలు ఏ లెక్కలో వదిలేశావు? రాబడి మరిచి ఖర్చొక్కటే చెప్పేవాణ్ణి నీ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతావా?

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. వేసుకోని తెల్లకోటును వారం వారం ఉతికి ఇస్త్రీ చేసుకునేది.

సోమవారం కన్యక ఉద్యోగంలో చేరింది. నేనే పంపాను. బిళ్లకు ఏడాది డబ్బు నా దగ్గరున్నదాంట్లోంచి కట్టాను. కంపెనీవాళ్లకు నంబర్ల వరస కూడా మార్చమని చెప్పాను. మొదట కరుణమ్మ, తర్వాత కొండయ్య. ఇదివరకు మొదట ఉన్న నీ నంబరు ఇప్పుడు చివర ఉంది. బేరం చూసుకుని నిదానంగా రా నాయనా.

మీ అమ్మ,
కోటిరత్నం