మంచు కోసం ప్రార్థన

ఆదివారం రాత్రి, చాండ్లర్

ఈ రోజు చర్చిలో ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని పాస్టర్‌గారు అడిగితే నేనూ లేచాను. ఉత్తర ధ్రువంలో సముద్రం మీది మంచు ఏటికేడు తగ్గిపోతోందని, మనం కాల్చే ఇంధనమే కారణమని, ఆ శాటిలైట్ ఫోటోలు చూడడమే నా పని అని చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ సిస్టర్‌ని లేఆఫ్స్ నుంచి కాపాడు తండ్రీ, జాబ్ నిలబెట్టు" అన్నారు. మంచు ఊసే లేదు.

తర్వాత పార్కింగ్‌లో అరగంట కబుర్లు. ఈ ఎడారి ఎండకి లోపల చల్లబడాలని ఏసీ వేసి కార్లన్నీ స్టార్ట్ చేసే ఉన్నాయి, నాదీ అంతే. పాటలు నడిపించే సుశీల ఆంటీ, "మంచు కరిగితే క్రూజ్ షిప్ ఉత్తరాన ఇంకా పైదాకా వెళ్తుందటగా! మేం బుక్ చేసేశామమ్మా" అంది.

ఆవిణ్ని అని ఏం లాభం? నా ఉద్యోగం కోసం చేసిన ఆ ప్రార్థనకి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.