నోరు మూసుకొని నవ్వు

నవంబర్ 18, సోమవారం
నా క్లాసు అనూష ఈరోజూ బడిలో అన్నం తినలేదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా వరండాలో కూర్చుంటే, తను ఒక్కతే గోడవైపు తిరిగి కూర్చుంది. ఎందుకు తినడం లేదని అడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "ఆకలైత లేదు మేడం" అంది. మొన్న శుక్రవారం నుంచీ ఇదే మాట.

నవంబర్ 19
పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఇవాళ విన్నాను. తుప్పు. బోరు నీళ్ల ఫ్లోరైడు పట్టిన పళ్లు కదా, గోధుమరంగు చారలు. "తుప్పొచ్చింది జరుగున్రి!" అని ఒకతి అరిస్తే బెంచీలన్నీ నవ్వాయి. అరిచినదాని పళ్లకూ అవే చారలు, కాస్త పలచగా. చూస్తుంటే రోత పుట్టింది. పద్నాలుగేళ్ల పిల్లల మీద ఇంత అసహ్యం వేస్తుందని అనుకోలేదు.

నవంబర్ 20
స్టాఫ్ రూములో చెప్పాను. లెక్కల మేడం టీలో బిస్కెట్ ముంచుకుంటూ, "పిల్లలన్నంక అనుకోరా? మనల్ని అనలేదా?" హెడ్ సారైతే ఇంకా నయం... "తింటలేదని వాళ్ల నాయినతోని రాయించుకోండి మేడం. రేపు మన మీదికి రావొద్దు."
వీళ్లా మనుషులు! బిస్కెట్ పాకెట్ నా దాకా వచ్చింది. నేనూ ఒకటి తీసుకున్నాను.

నవంబర్ 22, శుక్రవారం
నల్లా దగ్గర అనూష. ఇటుక పొడితో పళ్లు తోముతోంది. ఉమ్మిన నీళ్లలో నెత్తురు. చెయ్యి పట్టి లాగాను.
"తెల్లగైతయట మేడం."
ఎవరు చెప్పారే?
"అందరు." నేల చూస్తూ... "నోరు మూసుకొని తిను, నోరు మూసుకొని చదువు అంటున్రు. ఫోటో దిగిన్నాటి సంది."
ఫోటోకీ దీనికీ ఏం సంబంధం అన్నాను.
"మీరే అన్నరు గద మేడం."

అదే రోజు, ఇంటికొచ్చాక
అన్నాను. గుర్తొచ్చింది. పద్నాలుగో తారీఖు, బాలల దినోత్సవం గ్రూప్ ఫోటో. వరుస సర్దుతూ, అందరి ముందూ — "అనూషా, నువ్వు నోరు మూసుకొని నవ్వు." పిల్ల బాగా పడాలనే అన్నాను. అదే ఇంకా అసహ్యం... మంచి చేస్తున్నాననుకొని అన్నాను.
మా అమ్మ నాకు నేర్పిన మాట అది. పదో తరగతి ఫోటోకు, పెళ్లిచూపులకు. మా ఊళ్లోనూ అవే బోరు నీళ్లు; ఆడపిల్లలందరికీ అమ్మలు అదే చెప్పేవాళ్లు, జడ వేసినంత మామూలుగా. నా ముందు పళ్లు నాలుగూ క్యాపులు. పెళ్లికి ముందు వేయించుకున్నాను. స్టాఫులో ఒక్కరికీ తెలియదు. తెల్లటి నోరేసుకొని ఆ పిల్లను నోరు మూసుకోమన్నాను. ఛీ, నా బతుకు.

నవంబర్ 25
రాలేదు.

నవంబర్ 26
రాలేదు. హాజరు తీసుకుంటే వెనక బెంచీ నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. డస్టర్ బల్లకేసి కొట్టాను. అంతకంటే ఏమీ చేయలేదు.

నవంబర్ 27
వాళ్లింటికి వెళ్లాను. తండ్రి కంపెనీ డ్యూటీలో ఉన్నాడు. తల్లి గుమ్మంలోనే ఏడ్చింది. "సచ్చిపోత అంటాంది మేడం. దవాఖానకు తీస్కపోయినం. ఒక్కదాన్ని ఇడ్శిపెట్టొద్దన్నడు డాక్టరు."
లోపల గదిలో అనూష గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకలేదు.
తల్లి నా చేతులు పట్టుకుంది. "బడిల మీరొక్కలే దాన్ని మంచిగ జూసిండ్రట. అదే చెప్పింది."
నేను నోరు విప్పలేదు. ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను. తాగాను! ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుంది ఇప్పటికీ.

నవంబర్ 28
అనూష సంగతి అప్పటికే తెలిసినట్టుంది, హెడ్ సార్ కాగితం తయారుగా పెట్టారు. 'అనూషను బడిలో ఎవరూ ఏమీ అనలేదు.' కింద క్లాస్ టీచర్‌గా నేను సంతకం పెట్టాలి. "ఊకె లొల్లి ఎందుకు మేడం, పెట్టేయండి."
రేపు పెడతానన్నాను.

నవంబర్ 29
సంతకం పెట్టలేదు. ఆ వాక్యం కొట్టేసి, 'మొదట అన్నది నేనే' అని రాసిచ్చాను. ఆయన చదివి, చింపి, బుట్టలో వేసి, "ఇంట్ల ఏమన్న పరేషానా?" అని అడిగారు. వాళ్ల లెక్కలో అనూషతో పాటు నేనూ పిచ్చిదాన్నే.

డిసెంబర్ 1, ఆదివారం
మళ్లీ వెళ్లాను. తల్లికి మొత్తం చెప్పాను... ఫోటో, మాట, నా పళ్లు.
ఆమె లోపలి గదివైపు చూసింది. తర్వాత, "గీ ముచ్చట దానికెరుకేనా?"
ఆ మాట సంగతి ఎరుకే అన్నాను.
"మరి నాకెందుకు చెప్పలే అది?"
లోపలి నుంచి అనూష గొంతు. వారం తర్వాత నేను విన్న మొదటి మాట. "మేడం ఇజ్జత్ పోతదని."
నా పరువు మోసింది ఆ పిల్ల, ఇన్నాళ్లూ, ఖాళీ కడుపుతో.
తల్లి తిట్టలేదు. తిడితే బాగుండేది. గుమ్మం దాకా వచ్చి ఒక్కటే అడిగింది. "మరి రేపు పంపాల్నా మేడం? మీరే చెప్పున్రి."
పంపమని అనలేకపోయాను.