స్వెటర్ కుడి చెయ్యి

అమ్మకి,

నీ పెద్దపిల్ల నమస్కారం చేసి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు బాగున్నావని, నాన్న మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ సైకిలెక్కుతున్నాడని చెల్లి ఉత్తరంలో చదివి కడుపు నిండినట్టయింది. చెల్లీ, దీన్ని గబగబా చదివెయ్యకు. చుక్క పెట్టిన చోటల్లా ఆగు. అమ్మ మళ్ళీ చదవమంటే విసుక్కోకుండా మళ్ళీ చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. గదిలో చెమ్మ తగ్గింది. ఇంటావిడ వచ్చి గోడ తట్టి చూసి, "నువ్వు చెప్పినంతేం లేదే" అంది గానీ, మర్నాడే మేస్త్రీని పంపి కిటికీ కింద పగులు పూడ్పించింది. పొద్దున తినే బయల్దేరుతున్నాను, ఒట్టు. నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో నా బల్ల ఇప్పుడు కిటికీ పక్కకి మారింది. రోజూ నలభై సీసాలదాకా వస్తాయి. ఏ వీధి కుళాయి నీళ్ళు ఎలా ఉన్నాయో చూసి రాయాలి. ఉద్యోగం ఖాయం కావడానికి రాసిన పరీక్ష పాసయ్యాను. ఆ కాగితం చేతికిస్తూ మా పెద్ద సారు, "మీ ఇంట్లో ఇంకెవరు చదువుకున్నారమ్మా?" అని అడిగారు. "నేనే మొదలండీ. వెనకాలే మా చెల్లి వస్తోంది" అన్నాను. చెల్లీ, లెక్కలు బాగా చెయ్యి. నీ తరఫున మాటిచ్చేశాను.

ఆదివారాలు ఏం చేస్తున్నావని అడిగావు. లైబ్రరీ మేడ మీద గదిలో మా అల్లికల గుంపు ఇంకా నడుస్తూనే ఉంది. ఎనిమిది మందిమి. పెద్దరికమంతా రిటైరైన నర్సమ్మగారిది. ఎవరి కుట్టు జారినా, నాడి చూసినట్టు మణికట్టు పట్టుకుని మరీ చూస్తారు. బస్సు నడిపే అక్క ఒకామె ఉంది. ఆర్నెల్లుగా ఒకటే మఫ్లర్ అల్లుతోంది. "ఇది మఫ్లరా, మా రూటా? ఎంతకీ ఆఖరి స్టాపు రాదేం!" అని తనే అందరినీ నవ్విస్తుంది. ఈ నెలలో నేను రెండు టోపీలు, ఒక జత చేతి తొడుగులు, నర్సమ్మగారి టీ కెటిల్‌కి ఒక చొక్కా అల్లాను. రోజంతా సీసాల మీద అంకెలు చూసి చూసి వచ్చాక, ఆకుపచ్చ ఊలు ఒళ్ళో పెట్టుకుంటే కళ్ళకి ఎంత హాయిగా ఉంటుందో! నువ్వు నేర్పిన ఈ ఒక్క పనికి పరీక్షలూ మార్కులూ లేవు కదా అనుకునేదాన్ని. మొన్న నీ ఉత్తరం వచ్చేదాకా.

నీ ప్రశ్నల్లో ఒకదాన్ని, నీకు అల్లి పంపిన స్వెటర్ గురించి అడిగినదాన్ని, దాటేస్తున్నానని ఈపాటికి కనిపెట్టే ఉంటావు. చెల్లి ముందే భయపడుతూ రాసింది, "అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నన్ను తిట్టకు" అని. తర్వాత నీ మాట. "స్వెటర్ ఒళ్ళు నువ్వల్లిందే. ఎడమ చెయ్యీ నువ్వల్లిందే. కుడి చెయ్యి ఎవరల్లారే?"

నాన్న కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదే, పిల్లని పట్టుకుని ఆ అనుమానమేంటి?" అన్నాడట. నువ్వు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, "వరస విడిచి వరస వదులుగా ఉంది. నా కూతురు ఇలా అల్లదు" అన్నావట.

స్వెటర్‌తోపాటు పంపిన ఉత్తరంలో "ప్రతి కుట్టూ నా చేత్తో వేసిందే" అని రాశాను. మన ఇంట్లో ముందుగా రాయడం నేర్చుకున్నది నేను. ఆ రాత పెట్టుకుని నీకు అబద్ధం రాశాను. అదే గుచ్చుకుంటోంది.

చెల్లీ, ఇక్కడ ఆగి, వీధి తలుపు దగ్గరగా వేసి రా. నాన్న ఉంటే ఉండనీ. ఆయనకీ తెలియాల్సిందే.

కుడి చెయ్యి అల్లింది మా గుంపులో ఉన్న ఒకే ఒక్క మగమనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. మేనత్త దగ్గర పెరిగాడు, అల్లిక కూడా ఆవిడే నేర్పింది. మనం ఊలు కుడి చేత్తో సూదికి చుడతాం కదా, అతను ఎడమ చేతి వేలికి చుట్టుకుని అల్లుతాడు. అందుకే వెనక్కి తిరిగే వరసలు కాస్త వదులవుతాయట. గుంపులో చేరిన కొత్తలో బస్సు అక్క, "ఇంతమంది ఆడవాళ్ళ మధ్య నీకేం పనయ్యా?" అని నిలదీసింది. "పొద్దస్తమానం పళ్ళ మధ్యే ఉంటానక్కా. అవి నవ్వవు. మీరైతే నవ్వుతారు" అన్నాడు.

పరీక్షకి పది రోజులుందనగా నీ స్వెటర్‌కి కుడి చెయ్యి ఇంకా మొదలే కాలేదు. చలి ముదిరేలోపు పంపుతానని నీకు చెప్పాను. పుస్తకం ఒక పక్క, సూదులు ఒక పక్క. కుట్ల లెక్క తప్పడం, విప్పడం, మళ్ళీ వెయ్యడం. ఇక ఏడుపొక్కటే తక్కువ. అతను ఎదురుగా కూర్చుని, "ఆ ఎడమ చెయ్యి ఇలా ఇవ్వండి, కొలత చూసుకుంటాను. మీరు చదువుకోండి" అన్నాడు.

"మా అమ్మ పట్టేస్తుంది" అన్నాను.

"పెట్టుకున్నవాళ్ళకే తేడా తెలియకుండా పళ్ళు చేస్తామండీ. ఇదెంత!" అన్నాడు.

చూశావా, ఆ గొప్ప నీ ముందు నిలవలేదు. మొన్న ఆదివారం నీ మాట చెప్తే అతని మొహం పాలిపోయింది. "దాన్ని తెప్పించండి, విప్పి మళ్ళీ అల్లి ఇస్తాను" అని ఒకటే గోల. నర్సమ్మగారు పడీపడీ నవ్వారు. "ఒరే నాయనా, ఆవిడ పట్టుకున్నది నీ అల్లికని కాదురా, మిమ్మల్నిద్దర్నీ!"

అవునమ్మా. మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. మీ ఇంటికొచ్చి అడగనా అన్నాడు. ముందు నేను రాయాలన్నాను. ఏడాదిగా చూస్తున్నాను. కోపమొస్తే అల్లిన సగం విప్పి ఉండ చుట్టుకుంటాడు తప్ప నోరు జారడు. నాకు తెలిసింది నన్నే అడుగుతాడు, తనకి తెలియనిది తెలియదంటాడు. అతని దగ్గర కూర్చుంటే నాకు తొందర ఉండదు.

నువ్వు వద్దంటే ఏం చేస్తానో నాకే తెలియదు. ఎదురుతిరగలేను, సరే అని ఊరుకోనూ లేను. ఏం జరిగినా నీకు ఇంకో అబద్ధం మాత్రం రాయను.

ఇలాంటి మాట చెల్లి చేత రాయించడం నీకు ఇబ్బందని తెలుసు. రాయించకు. నీకు ఇష్టం లేకపోతే ఆ కుడి చెయ్యి విప్పేసి, ఊలు ఉండ చుట్టి పంపు. వెంటనే సెలవు పెట్టి వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను. ఇష్టమైతే స్వెటర్ తొడుక్కుని ఒక ఫొటో తీయించి పంపు. కుడి చెయ్యి కాస్త ముందుకు పెట్టి నిలబడమ్మా. ఇక్కడ ఒక మనిషి నీ మొహం కంటే ముందు దాన్నే చూస్తాడు.

ఇట్లు,
నీ జవాబు కోసం రోజూ గుమ్మం దగ్గర ఉత్తరాల పెట్టె తెరిచి చూసే
నీ పెద్దపిల్ల