పసికి ఒక చోటు

శుక్రవారం, 1956. వ్యాసర్పాడి.

నేను కౌన్సిలరుగా ఉన్న వార్డులో కౌన్సిల్ కట్టబోయే మార్కెట్టు పటం ఇవాళ అందరికీ చూపించాం. ఇడ్లీలమ్మే మునెమ్మ మొన్న చంకలో బిడ్డతో వచ్చి, "పసికి ఈడొక చోటు ఇయ్యండి సామీ" అంది. అరవంలో పసి అంటే ఆకలి. ఆమె అడిగింది ఇడ్లీకొట్టు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు, పాపం, పసిబిడ్డలకనుకుని ఉయ్యాలల పాక గీశాడు.

నవ్వుతూ ఆ పాకను కొట్టేయబోయాను. మునెమ్మ పటం మీద చెయ్యి పెట్టేసింది.

"ఉండనీ సామీ. బిడ్డ ఈడ నిద్దరపోతేనే కదా, నేను ఆడ ఇడ్లీ పోసేది!"

పాక ఉంచేసి, పక్కనే ఇడ్లీకొట్టు కూడా గీయించాను. మార్కెట్టులో ఉయ్యాలలెందుకని రేపు కౌన్సిల్ సభలో అడుగుతారు. పసి కోసం అంటాను. ఏ భాషలో విన్నా అబద్ధం కాదు.