నా చెవీ నీ గొంతూ

అరోరా, ఇల్లినాయ్
ఫిబ్రవరి 1986

ప్రభువునందు ప్రియమైన అక్కకు నవోమి వందనాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. బయట మోకాళ్లదాకా మంచు, ఇంట్లో హీటరు, నా కడుపులో మంట. అదేం మంటో చెప్తాను, కంగారుపడకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పిల్లకి దగ్గు తగ్గింది. మా తెలుగువాళ్ల ప్రార్థన ఫెలోషిప్‌లో పెద్దావిడ కరుణమ్మగారు తణుకునుంచి వస్తూ నీ కందిపొడి, నీ క్రిస్మస్ పాటల క్యాసెట్టు భద్రంగా తెచ్చిచ్చారు. కందిపొడి అప్పుడే అయిపోయింది. పాటలు విన్నావా, ఎలా పాడాను అని అడిగావు. ఈ ఉత్తరమంతా ఆ సంగతే.

మీ మరిది సబ్‌వూఫర్ అని ఓ పెద్ద పెట్టె కొన్నారు. డోలక్, తబలాల్లో ఉండే బరువైన మోత మామూలు స్పీకర్లకి సరిగా పలకదట, అందుకని ఇది. వైర్లు కలపడం తేలికే, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. మోత సరిచేయడమే తలనొప్పి. ఒకరు వెనక నాబ్ తిప్పుతుంటే ఇంకొకరు ఎదురుగా కూర్చుని విని చెప్పాలి. పెళ్లైనప్పటినుంచీ ఈ ఇంట్లో వినే పని నాదే. రేడియో కొన్నా, స్టీరియో కొన్నా, "నవోమీ, ఇప్పుడెలా ఉంది?" అని ఈయన అడగాల్సిందే. అమ్మ అనేది గుర్తుందా, దేవుడు దెబోరాకి గొంతిచ్చాడు, నవోమికి చెవిచ్చాడు అని. గొంతుకైతే చప్పట్లు కొడతారు, చెవికెవరు కొడతారే? నాకున్నది అదొక్కటే. దాన్ని కూడా తీసి ఉష చేతిలో పెట్టారు మీ మరిది.

ఉష ఈయన ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు. సౌండ్ గురించే చదివిందట. గురువారం సాయంత్రం వచ్చి నా సోఫాలో, నేను కూర్చునే చోటే కూర్చుంది.

"అన్నయ్యా, లెవెల్ కొంచెం తగ్గించండి... ఆఁ, పర్ఫెక్ట్!"

"అబ్బ, ఏం చెవులమ్మా నీవి!" అన్నారీయన.

నోరారా అన్నయ్యా అంటుంది, మర్యాదస్తురాలు, వంక పెట్టడానికేం లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. టీలు ఇచ్చి గోడవార నేలమీద చతికిలబడ్డాను. కూర్చోగానే నాకు తెలిసిపోయింది. సోఫాలో బాగున్న మోత గోడ దగ్గర చెవుల్ని కమ్మేస్తోంది. మా ఇంట్లో జరిగే శనివారం ప్రార్థనకి మేం ఆ సోఫా ఎత్తి గరాజ్‌లో పెట్టేసి, జంపఖానాలు పరిచి, అందరం గోడలవారే కూర్చుంటాం. లేని సోఫాకి సరిచేసి ఏం లాభం? ఇద్దరు ఇంజనీర్లకీ ఆ సంగతి తట్టలేదు. నేను నోరు విప్పలేదు. శనివారం అందరిముందూ ఆవిడగారి పర్ఫెక్ట్ ఏపాటిదో తేలనీ అనుకున్నాను.

తేలింది. ప్రార్థన అయ్యాక నీ క్యాసెట్టు పెట్టారు. దబదబా డోలక్ తప్ప ఏమీ వినపడలేదు. కరుణమ్మగారు చెవులు మూసుకుని, "ఆపు నాయనా, గుండె అదురుతోంది" అన్నారు. ఉష మొహం చిన్నబోయింది. "సారీ అన్నయ్యా, ఆ రోజు బాగానే ఉందిగా" అని గొణిగింది. నాకు ఎంత హాయిగా ఉందో!

అక్కా, ఇక్కడిదాకా గబగబా రాసేశాను. ఇక అసలు సంగతి రాస్తాను. నాకు హాయి కలిగింది ఉష మొహం చూసి మాత్రమే కాదు. ఇంటినిండా జనం ఉన్నా నీ గొంతు ఒక్కరికీ వినపడలేదు. అది కూడా నాకు తియ్యగానే అనిపించింది. చర్చిలో చిన్నప్పటినుంచీ నీ పక్కన నిలబడి ఉత్తుత్తినే పెదవులు కదిపినదాన్ని కదా. తిట్టు, పడతాను.

మర్నాడు చర్చినుంచి వచ్చాక సిగ్గేసింది. ఈయన్ని గోడవార కూర్చోబెట్టి, నేనే ఆ పెట్టెని మూలనుంచి ఇవతలికి లాగి, నాబ్ తగ్గించాను.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాను.

"నాకేం తెలుస్తుందే? నువ్వొచ్చి కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. నీ పాట మొదటినుంచి చివరిదాకా విన్నాను.

మూడో చరణంలో మాట మధ్యలో విరిచి ఊపిరి తీసుకున్నావు. ఆ చోట నువ్వెప్పుడూ ఊపిరి తీయవు, నీ పక్కన నిలబడ్డదాన్ని, నాకు తెలుసు. తర్వాతి చరణంలో మళ్లీ అదే. చివర డోలక్ చాటున నీ ఊపిరిలో పిల్లికూతలా సన్నటి శబ్దం. మీ మరిదికి వినపడలేదు. ఉండబట్టలేక ఉషకి ఫోన్ చేసి పిలిపించాను. కళ్లు మూసుకుని శ్రద్ధగా వింది పాపం. "ఏమీ లేదు వదినా, ఎంత బాగా పాడారో!" అంది.

దాని చెవే మంచిది కావాలని, నాది పాడైపోయి ఉండాలని అప్పుడు కోరుకున్నాను.

కులాసాగా ఉన్నానని రాశావు. నేను నమ్మను. బావని వెంటబెట్టుకుని వెంటనే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. నా దగ్గర దాచలేవు, వినేశాను.

ఇట్లు,
నీ గొంతు చూసి కుళ్లుకునే నీ చెల్లెలు,
నవోమి