అడ్డపొగ, అమ్మ చెవి

6 జూలై 1979, శుక్రవారం

సంతరోజు. అరకులో చెవుల క్యాంపు వాళ్ళు అమ్మకి చెవిమిషన్ ఇచ్చారు. జాకెట్లో పెట్టుకునే పెట్టె, దానికో వైరు, వైరు చివర చెవిలో దూర్చే బిరడా. పోయిన నెల చెవిలో ముద్ద పెట్టి తీసిన అచ్చుతో చేశారట.

రైలు సొరంగాలు తవ్వినప్పుడు అమ్మ అక్కడ రాళ్ళు మోసింది. కొండ పేల్చే బాంబులకి చెవులు పోయాయి. అప్పటినుంచి నేను అరుస్తూనే ఉన్నాను. నేను ఏం మాట్లాడినా కోపంగానే ఉంటుందంటారు. కోపం కూడా ఉందిలే.

9 జూలై, సోమవారం

లైను పనిలో అమ్మా నేనూ ఒకే గ్యాంగు. కంకర మోస్తాం. పోయిన నెల గూడ్సు మీదికొస్తే నేను లాగబట్టి బతికింది. మిషన్ పెట్టుకున్నా సరే, రైలొస్తే నేనూదే విజిల్ వినిపిస్తేనే మీ అమ్మ సోములమ్మకి పని అని మేస్త్రీ పైడయ్య తేల్చేశాడు.

ఈరోజు ఆయన విజిల్ ఊదనేలేదు. అమ్మ మాత్రం తట్ట పారేసి పట్టా దాటి గెంతింది. మళ్ళీ గెంతింది. కూత మిషన్‌లోంచే వస్తోంది. పక్కన నిలబడితే నాకూ వినిపించింది. సన్నగా, అచ్చం విజిల్‌లాగే.

ఏటే గంగా, మీ యమ్మ సెవిలో గూడ్సు నడస్తందా అన్నాడు మా గ్యాంగులో గాసి. నా తట్టలో కంకర వాడి కాళ్ళ మీద కుమ్మరించాను.

11 జూలై

పైడయ్య నిజంగానే ఊదాడు. అమ్మ కదల్లేదు.

11 జూలై, సాయంత్రం

గూడ్సు మలుపు తిరిగేసరికి అమ్మ ఇంకా వంగి కంకర ఎత్తుతోంది. జబ్బ పట్టి ఈడ్చాను. ఇద్దరం కాలవలో పడ్డాం. నా సెవిలో కూతే అనుకున్నానే అంది. నోట్లో చుట్ట ఇంకా ఉంది.

రేపట్నించి రావద్దన్నాడు పైడయ్య. తిడదామనుకున్నాను. ఆయన విజిల్ జేబులో పెట్టుకోబోయి కింద పడేసుకున్నాడు. తిట్టలేదు.

నన్ను ఒక్కదాన్నీ పనిలోకి పంపి అమ్మ గుడిసెలో కూర్చోదట. కూర్చుంటే సత్తానంది.

13 జూలై, శుక్రవారం

క్యాంపులో చెవులు చూసే రత్నాలు గారి బల్ల మీద పెట్టె విసిరేశాను. మనుషుల్ని చంపడానికి ఇచ్చారా అని అడిగాను. వరసలో నిలబడ్డవాళ్ళంతా చూశారు. ఆయన దాన్ని తీసి అమ్మ చెవికి పెట్టాడు. కూత లేదు. తల తిప్పమన్నాడు. లేదు. నేను అబద్ధాలకోరులా నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది.

అమ్మకి విసుగొచ్చి చుట్ట వెలిగించింది. అమ్మది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుంటుంది, వానకి ఆరిపోదని. అలా పెట్టుకుందో లేదో, కూత.

రత్నాలు గారు కుర్చీలోంచి లేచాడు. చుట్ట తీయమన్నాడు. ఆగింది. పెట్టమన్నాడు. కూసింది. పొగ వల్లే అన్నాను. వెలిగించని చుట్ట పెట్టించాడు. అదీ కూసింది.

అప్పుడు నన్ను చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరవమన్నాడు.

తెరిచాను. గోడ కదిలింది.

నా తలలో! చెవి అంటే కొండలో తొలిచిన సొరంగంలాంటిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సొరంగం కదిలితే మనుషులు చస్తారు. ఇది నోరు తెరిచినప్పుడల్లా కదులుతోంది, ఎవరూ చావడం లేదు. దవడ ఎముక చెవి పక్కనే ఉందట. నోరు తెరిస్తే ముందుకి జరుగుతుంది, దాంతో చెవి దారి వెడల్పవుతుంది. బిరడా పక్కన సందు పడుతుంది. లోపలి శబ్దం ఆ సందులోంచి బయటికొచ్చి మళ్ళీ పెట్టెలో దూరుతుంది. అదే కూత.

నోరు మూయించి అచ్చు తీశాను, నాదే పొరపాటన్నాడు. వెలిగించని చుట్ట పళ్ళ మధ్య పెట్టించి, మళ్ళీ ముద్ద నింపి, అది గట్టిపడేదాకా కదలొద్దన్నాడు. చుట్ట మానేస్తే నోటికి మంచిదమ్మా అని కూడా చెప్పాడు. అమ్మ వినపడనట్టు అగ్గిపెట్టె వెతుక్కుంది.

బస్సులో ఊరొచ్చేదాకా చెవిలో వేలు తీయలేదు. కండక్టర్ పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూసుకోనీ.

17 జూలై

పక్క గుడిసె మంగ్లు తాత మేక నెమరేస్తోంది. దాని చెవి మొదట్లో వేలు పెట్టాను. అక్కడా కదులుతోంది. తర్వాత ఎద్దు దగ్గరికెళ్ళాను. తాత నవ్వలేదు. తనూ చెవిలో వేలు పెట్టుకుని అంబలి తాగాడు. ఓలమ్మా అన్నాడు.

10 ఆగస్టు, శుక్రవారం

కొత్త బిరడా వచ్చింది. అమ్మ పనస గింజలు నమిలింది, ఆవులించింది, అడ్డపొగ పెట్టింది. కూత లేదు.

13 ఆగస్టు, సోమవారం

అమ్మని మళ్ళీ లైను పనికి తీసుకెళ్ళాను. పరీక్షకి పైడయ్య తనని అటు తిరిగి పని చేయమన్నాడు. నోట్లో చుట్ట, నెత్తిన తట్ట. చుట్టూ గ్యాంగు కంకర కొడుతోంది. విజిల్ పెదాల దాకా తెచ్చి ఊదకుండా ఆగాడు. అమ్మ కదల్లేదు.

ఊదాడు.

అమ్మ తట్ట దించింది. పట్టా దాటి వచ్చి నిలబడి, చుట్ట పక్కకి జరిపి, ఎంతసేపు ఊత్తావు పైడయ్యా అంది.

రేపు బేగి రండన్నాడు పైడయ్య, మొహం పక్కకి తిప్పుకుని. నేను అమ్మా అని కేక పెట్టాను.

అరవకే గుంటా, ఇనబడతంది అంది.

14 ఆగస్టు

మెల్లగా మాట్లాడటం నాకు రావడం లేదు.

నా పేరు పలకవే అని అమ్మని అడిగి, బిరడా తీసి, తన చెవిలో నా చిటికెన వేలు పెట్టాను.

గంగా అంది. గోడ రెండుసార్లు కదిలింది.